కత్తిరి ఎండలకు ముందు ఇంట్లోనే ట్యాపెట్లు సెట్ చేసుకునేవాళ్లకు జాగ్రత్తలు

వాల్వులను నొక్కి తెరిచే రాకర్ల చివర, రాకర్‌కూ వాల్వుకూ మధ్య సన్నని గ్యాపును నిలిపే భాగాలే ట్యాపెట్లు. అవి టకటకమంటే చాలామంది భయపడతారు. భయపడాల్సింది శబ్దం బొత్తిగా రానప్పుడు. గ్యాపు ఎక్కువైతే చప్పుడొస్తుంది, పికప్ కాస్త తగ్గుతుంది, రాకర్ మెల్లగా అరుగుతుంది. గ్యాపు పూర్తిగా మూసుకుపోతే మాత్రం బండి నిశ్శబ్దంగా నడుస్తూనే పాడైపోతుంది. పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని, మూసుకుని హెడ్‌లోని తన సీటు మీద ఆనినప్పుడే వదిలించుకుంటుంది. ఆననివ్వకపోతే అంచు కాలిపోతుంది. ఇద్దరు ఎక్కిన 100 సీసీ బండి, మే నెల మధ్యాహ్నం, అలిపిరి నుంచి తిరుమలకు దాదాపు 18 కిలోమీటర్ల ఎక్కుడు, రెండో గేరు. ఇంజిన్‌కు గాలి తక్కువ, బరువు ఎక్కువ. బిగుసుకున్న ట్యాపెట్ ఉంటే బయటపడేది అక్కడే. చిత్తూరు నుంచి మొగిలి ఘాటు మీదుగా పలమనేరు పోయేవాళ్లదీ ఇదే సంగతి. వేడి మీద స్టార్టింగ్ కష్టంగా ఉన్నా, ఐడిలింగ్ నిలవకపోయినా, కిక్కు తేలిగ్గా దిగిపోతున్నా ముందు అనుమానించాల్సింది ట్యాపెట్లనే.

ముందుగా మీ బండిలో సెట్ చేయడానికి ఏమైనా ఉందా చూసుకోండి. స్ప్లెండర్, షైన్ లాంటి వాటిలో గ్యాపు మార్చే స్క్రూ, దాన్ని కదలకుండా పట్టే లాక్‌నట్ ఉంటాయి, ఇంట్లో చేసుకోవచ్చు. యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజిన్ రాయల్ ఎన్‌ఫీల్డ్‌లలో గ్యాపును ఆయిల్ ఒత్తిడితో తామే సరిచేసుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు, వాటిని ముట్టుకునే పనే లేదు. కేటీఎం డ్యూక్‌లో షిమ్‌లు (గ్యాపు సరిచేసే పల్చటి బిళ్లలు) మార్చాలి, అది షెడ్డు పని. వారంటీలో ఉన్న బండినీ విప్పకండి.

గ్యాపు కొలవాలంటే ఇంజిన్ చల్లగా ఉండాలి, అది మన ఊళ్లో అనుకున్నంత తేలిక కాదు. హోండా మాన్యువళ్లు 35 డిగ్రీల లోపు కొలవమంటాయి. ఏప్రిల్ దాటాక తిరుపతిలో పగటిపూట నీడే 40 దాటుతుంది, అంటే రెండు గంటలు ఆపి ఉంచిన బండి కూడా చల్లబడినట్టు కాదు. రాత్రంతా నిలిపి, తెల్లవారుజామున ఎండ తగలకముందే పని మొదలుపెట్టండి. ఎంత గ్యాపు అన్నది మీ మోడల్ మాన్యువల్ చెప్పాలి. చిన్న బండ్లలో తరచూ 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అయినా పక్కింటివాళ్ల బండి అంకె మీ బండికి పెట్టకండి, గాలిని లోపలికి తీసుకునే ఇన్‌లెట్ వాల్వుకూ ఎగ్జాస్ట్‌కూ వేరువేరు అంకెలు ఉండొచ్చు.

ట్యాపెట్ల మీది క్యాపులు విప్పే ముందు హెడ్ (ఇంజిన్ పైభాగం) చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో, డీజిల్‌తో తుడవండి. పెట్రోలు వద్దు, ఇంటి వసారాలో గ్యాస్ పొయ్యి దగ్గర అసలే వద్దు. మెయిన్ స్టాండ్ వేసి, తాళంచెవి తీసి పక్కన పెట్టండి. స్పార్క్ ప్లగ్ విప్పితే ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది. ఆ రంధ్రంలో ఇసుక పడకుండా చూసుకోండి. టాప్ గేరు వేసి వెనక చక్రాన్ని ముందుకు తిప్పితే ఇంజిన్ దానంతట అదే సరైన దిశలో తిరుగుతుంది. చక్రాన్ని టైరు పట్టుకుని తిప్పండి, చైను పక్కకు వేళ్లు పోనివ్వకండి.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మ్యాగ్నెట్ (ఇంజిన్ పక్క కవరు లోపల తిరిగే చక్రం) మీద, పిస్టన్ పైకొచ్చిందని చెప్పే ‘టీ’ గుర్తు కవరు కిటికీలోని గీతకు ఎదురుగా వచ్చిందంటే పని అయిపోయినట్టు కాదు. ఆ గుర్తు నాలుగు స్ట్రోకుల్లో రెండుసార్లు వస్తుంది. ఒకసారి కంప్రెషన్ చివర, ఇంకోసారి ఎగ్జాస్ట్ చివర. రెండోదాంట్లో రెండు వాల్వులూ కొద్దిగా తెరుచుకునే ఉంటాయి, రాకర్లు బిగుసుకుని ఉంటాయి. గ్యాపు లేదనుకుని స్క్రూ వదులు చేస్తే, తర్వాత స్టార్ట్ చేసినప్పుడు మిషను కుట్టినట్టు మోత. అందుకే గుర్తు కలిశాక రెండు రాకర్లనూ వేలితో ఆడించి చూడండి. రెండూ కొద్దిగా కదలాలి. కదలకపోతే ఇంజిన్‌ను ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. గుర్తు దాటిపోతే వెనక్కి తిప్పకండి, మళ్లీ రెండు చుట్లు ముందుకే తిప్పి తెచ్చుకోండి.

ఫీలర్ గేజ్ (సన్నని గ్యాపులు కొలిచే రేకుల కట్ట) బ్లేడును నూనె తుడిచి, వంకర లేకుండా నేరుగా దూర్చండి. కాస్త రాసుకుంటూ కదలాలి. 0.08 సెట్ చేస్తుంటే 0.08 పోవాలి, 0.10 పోకూడదు, ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు. స్క్రూను పట్టుకుని లాక్‌నట్ బిగించండి. వదిలేసి నట్ బిగిస్తే స్క్రూ కూడా తిరిగి గ్యాపు మారిపోతుంది, మూసుకునే వైపే ఎక్కువగా మారుతుంది. బిగించాక మళ్లీ కొలవండి, రెండు చుట్లు తిప్పి ఇంకోసారి కొలవండి. క్యాపుల రబ్బరు ఓ-రింగ్ గట్టిపడితే కొత్తది వేయండి. పదో ఇరవయ్యో రూపాయలు మిగలబెట్టుకోబోయి హెడ్ మీదంతా ఆయిల్ కారించుకోవద్దు. థ్రెడ్లు అల్యూమినియంవి, పొడవాటి స్పానర్‌తో బలం చూపించకండి.

అదే పొద్దున ఆయిల్ కూడా మార్చేయొచ్చు. డ్రెయిన్ ప్లగ్ వాషర్ మార్చి, జాసో ఎంఏ (బైకు క్లచ్‌కు సరిపోతుందని చెప్పే ప్రమాణం) రకం బైక్ ఆయిలే పోయండి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు, అది ఘాటులో పెద్ద తంటా. పాత ఆయిల్‌ను డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి, కాలువలో పోయకండి. పాత స్పార్క్ ప్లగ్‌ను చేత్తో చివరిదాకా తిప్పి, స్పానర్‌తో పావు చుట్టు లోపే బిగించండి.

తర్వాత నేరుగా కొండకు పోకండి. రేణిగుంట దాకా వెళ్లొచ్చి బండి ఆపి, క్యాపుల చుట్టూ, డ్రెయిన్ ప్లగ్ కింద వేలు పెట్టి తడి ఉందేమో చూడండి. ఇంజిన్ చల్లబడ్డాక ఆయిల్ లెవెల్ ఇంకోసారి సరిచూసుకోండి. దిగేటప్పుడు ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో జారడం మాత్రం వద్దు, భారమంతా బ్రేకులమీదే పడి బ్రేకు షూలు కాలి పట్టు తప్పుతాయి.