టెర్మినల్ బ్లాక్ దగ్గర టంకం పగులుతుంటే

వైరు కదిపితే రిలే బోర్డు ఆగి, మళ్లీ పనిచేస్తోంది. భూతద్దంతో చూస్తే 8 పిన్నుల టెర్మినల్ బ్లాక్‌లో (వైర్లను స్క్రూలతో బిగించే ప్లాస్టిక్ దిమ్మ) చివరి రెండు పిన్నుల చుట్టూ టంకంలో ఉంగరంలా సన్నటి పగులు. మళ్లీ టంకం వేస్తే కొన్నాళ్లే ఆగుతుంది. బోర్డు రంధ్రాల మధ్య దూరం 5.08 మి.మీ., బిగించిన బ్లాక్‌ది 5.00. తేడా ఒక్కో ఖాళీకి 0.08 అయినా, ఏడింటికి 0.56 మి.మీ. అవుతుంది. వంచి దూర్చిన పిన్ను టంకాన్ని లాగుతూనే ఉంటుంది. రెండు, మూడు పిన్నులవైతే ఏదైనా సరిపోతుంది, కంటికి రెండూ ఒకటే!

పాత బ్లాక్‌ను కట్టర్‌తో ముక్కలు చేసి పిన్నులు ఒక్కొక్కటే తీశాను. మొత్తంగా పీకితే ప్యాడ్ (రంధ్రం చుట్టూ ఉండే రాగి పొర) లేచిపోతుంది. ఫ్లక్స్ (టంకం బాగా పారేలా చేసే పదార్థం), డీసోల్డరింగ్ విక్‌తో (కరిగిన టంకాన్ని పీల్చుకునే రాగి అల్లిక) రంధ్రాలు శుభ్రం చేసి, 5.08 బ్లాక్ పెట్టి, మూల పిన్ను ఒక్కదానికే టంకం వేశాను. ప్లాస్టిక్ భాగాన్ని నొక్కిపట్టి (స్క్రూ కాలుతుంది) ఆ పిన్నును మళ్లీ వేడిచేస్తే బ్లాక్ బోర్డుకు ఆనుతుంది. మిగతావి ఆ తర్వాతే. అడుగున సందు ఉంటే స్క్రూడ్రైవర్ బలమంతా టంకం మీదే పడుతుంది.

వైరు చివరలకు టంకం పూయకండి. ఒత్తిడికి అది మెల్లగా అణిగి స్క్రూ వదులవుతుంది. ఫెరూల్ (వైరు చివర తొడిగి నొక్కే చిన్న లోహపు గొట్టం) మేలు.