కొత్త సాఫ్ట్‌వేర్ వేసే ముందు: ఆ 48 అంకెలు మీ దగ్గర ఉన్నాయా?

పోయిన నెల 19న సాయంత్రం గాజువాక నుంచి ఒక అకౌంటెంట్ గారు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని విశాఖ ద్వారకానగర్‌లో మా కంప్యూటర్ షాపుకి వచ్చారు. తెల్లారితే జీఎస్టీ నెలవారీ రిటర్ను జీఎస్టీఆర్-3బీకి ఆఖరి రోజు. పదకొండు మంది వ్యాపారుల లెక్కలు అందులోనే ఉన్నాయి. మెషీన్ నెమ్మదించిందని మధ్యాహ్నం, డ్రైవర్లన్నీ (మెషీన్ భాగాలను నడిపే ప్రోగ్రాంలు) ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తానన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి వేశారట. అది బయాస్ దాకా, అంటే మెషీన్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం దాకా వెళ్లింది. రీస్టార్ట్ అవగానే నీలం తెర, రికవరీ కీ కొట్టమని ఖాళీ గడి. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు.

"ఈ నంబరు నాకెవరూ ఇవ్వలేదే బాబూ" అన్నారు.

నిజమే, ఆయనకు ఇవ్వలేదు. కొన్న రోజున అమ్మిన కుర్రాడు తొందరలో తన సొంత మెయిల్ ఐడీతో విండోస్ తెరిచి ఇచ్చేశాడు. కీ ఆ ఖాతాలోకి పోయింది. ఆ కుర్రాడు ఉద్యోగం మానేసి ఏడాదైంది, ఫోను కలవలేదు. నేను చేయగలిగింది ఫార్మాట్ ఒక్కటే. రాత్రి పదింటిదాకా ఆయన ఆ తెర ముందు నుంచి లేవలేదు.

దసరా, దీపావళి ఆఫర్లలో కొత్త లాప్‌టాపులు కొని, వారం తిరక్కుండా ఏవేవో ఎక్కించే రోజులివి. అందుకే రాస్తున్నాను.

విండోస్ 11తో వచ్చే కొత్త మెషీన్లలో చాలావాటికి డిస్కు తాళం ముందే పడి ఉంటుంది. విండోస్ హోమ్ రకంలో దాని పేరు డివైస్ ఎన్‌క్రిప్షన్, ప్రో రకంలో బిట్‌లాకర్. లోపలి టీపీఎం చిప్ రోజూ మనకు తెలియకుండానే ఆ తాళం తీస్తుంది. బయాస్ గానీ, నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే మెషీన్ తెరుచుకునేలా చూసే సెక్యూర్ బూట్ సెట్టింగు గానీ మారితే చిప్‌కి అనుమానం వచ్చి కీ అడుగుతుంది. అప్పుడు కీ లేకపోతే మైక్రోసాఫ్ట్ కూడా తీయలేదు. అలాగని తాళం తీసిపారేయకండి. లాప్‌టాప్ బస్సులో పోతే మీ లెక్కల్ని కాపాడేది అదే.

2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా కంపెనీ పంపిన ఒక్క తప్పుడు ఫైలుతో ప్రపంచంలో 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. సేఫ్ మోడ్‌లోకి (అవసరమైనవి మాత్రమే నడిచే పద్ధతి) వెళ్లి ఆ ఫైలు తీసేస్తే చాలు, కానీ తాళం పడిన మెషీన్లు ముందు కీ అడిగాయి. పెద్ద కంపెనీలే కీల కోసం తడుముకున్నాయి.

కాబట్టి ఏది వేసే ముందైనా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో డివైసెస్ తెరిచి కీ ఉందో లేదో చూడండి. కాగితం మీద రాయండి, పక్కనే కీ ఐడీ (ఆ నీలం తెర మీద కూడా కనిపించే గుర్తు) మొదటి ఎనిమిది అక్షరాలు కూడా. రెండు మెషీన్లుంటే ఏ కీ దేనిదో దాంతోనే తెలుస్తుంది. ఫొటో తీసి అదే లాప్‌టాప్‌లో దాచుకుంటే దండగ.

ఇక మిగతావి.

రెండో యాంటీవైరస్ వద్దు. బయటిది వేస్తే విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్ తప్పుకుంటుంది. ట్రయల్ ముగిశాక కాపలా ఎవరిదో విండోస్ సెక్యూరిటీలో చూసుకోండి.

ఏదైనా చెడితే విండోస్‌ని పాత స్థితికి తెచ్చే రిస్టోర్ పాయింట్ పెట్టండి. చాలా మెషీన్లలో అది ఆఫ్‌లో ఉంటుంది. అది మీ ఫైళ్లను కాపాడదు, వాటికి వేరే హార్డ్‌డిస్కు కావాలి.

తెలుగు టైపింగ్‌కి ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచి విండోస్‌లోనే ఉంది. ఊరూపేరూ లేనివి దించి కంట్రోల్, ఆల్ట్ మీటలు పాడు చేసుకోకండి.

వీపీఎన్ తీసేశాక నెట్ రాకపోతే ముందు ప్రాక్సీ సెట్టింగు (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా మళ్లించేది) చూడండి.

డ్రైవర్ అప్‌డేటర్లు వద్దు. విండోస్ లోపలి సెట్టింగుల్ని శుభ్రం చేస్తామనే రిజిస్ట్రీ క్లీనర్లు వద్దు.

తుపాను హెచ్చరిక ఉన్న రోజు బయాస్ ముట్టుకోవద్దు. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు.

బయాస్ మార్చక తప్పకపోతే ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయండి, అంటే తాత్కాలికంగా ఆపండి.

రిటర్నుల వారంలో ఏదీ వేయకండి. ఏదీ.

కొత్త లాప్‌టాప్ మీ మెయిల్‌తోనే, మీ ఎదురుగానే తెరిపించండి.

కీ లేకుండా వేయకండి. మళ్లీ చెబుతున్నా, కీ లేకుండా వేయకండి.

ఇప్పటికే ఆ తెర వచ్చేసి ఉంటే ఫార్మాట్‌కి ఒప్పుకోకండి. మెషీన్ ఆపేసి, ఫోన్లో ఇంట్లోవాళ్ల మెయిల్ ఐడీలతో ఉన్న మైక్రోసాఫ్ట్ ఖాతాలన్నీ ఒక్కొక్కటే తెరిచి కీ కోసం వెతకండి, కాలేజీ మెయిల్‌తో సహా. మొన్న మధురవాడ నుంచి వచ్చిన అమ్మాయికి కీ తమ్ముడి ఖాతాలో దొరికింది.