పాత ఫొటోల పని – 4వ పాఠం: గ్రూప్ ఫొటోలో ఎవరెవరు (ముందు పోయినసారి కుప్ప సంగతి)

ఈసారి నేరుగా గ్రూప్ ఫొటోల్లోకి దిగుదాం అనుకున్నా, కానీ మూడో పాఠం చేసినవాళ్లు రాసింది చూస్తే ముందు ఆ సంగతి తేల్చకుండా కదలలేం. గమ్ము పేజీల ఆల్బమ్‌లోంచి ఫొటోలు ఎలా విడదీయాలో చెప్పా కదా, డెంటల్ ఫ్లాస్ కిందకి దూర్చి అటూ ఇటూ మెల్లగా లాగడం, అది చాలామందికి బాగా వచ్చింది, ఫొటోలు చిరగలేదు, సంతోషం. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే తీసినవన్నీ ఒకచోట కుప్ప పోసేశారు. ఇప్పుడు ఏది ఏ పేజీలోదో తెలీదు. తీసేముందు పేజీ మొత్తాన్ని ఒకసారి ఫొటో కొట్టండి అని రాశా, కావాల్సింది ఫొటోలు కదా పేజీ దేనికిలే అని వదిలేసినట్టున్నారు.

పేజీ దేనికంటే, ఆ ఆల్బమ్ అంటించినావిడకో ఆయనకో ఆ మనుషులు తెలుసు, మనకి తెలీదు. ఒక పేజీలో నాలుగు ఫొటోలు పక్కపక్కన పెట్టారంటే అవి ఒకే రోజువో, ఒకే ఇంటివో, కనీసం ఆవిడ మనసులో ఒకచోటివో. వెనక ఏమీ రాయని ఫొటోకి ఆ పక్కనున్న ఫొటోనే సాక్ష్యం. అది పోతే మిగిలేది ఎవరో నలుగురు మనుషులు ఎక్కడో నిలబడ్డ బొమ్మ.

సరే, కుప్ప అయిపోయింది, మళ్లీ పేర్చొచ్చు, చాలావరకు కుదురుతుంది. ఖాళీ పేజీలు పారేయలేదు కదా? పారేయకండి. గమ్ము పేజీ మీద గమ్ము చారలు ఉంటాయి, అవే చారలు ఫొటో వెనక పసుపుగానో గోధుమరంగుగానో దిగి ఉంటాయి, రెండిటి మధ్య దూరం, వంపు పోల్చి చూస్తే ఏది ఎక్కడ కూర్చుందో దొరుకుతుంది. నల్ల కాగితం ఆల్బమ్ అయితే ఇంకా తేలిక, ఫొటో ఉన్నంతమేర కాగితం ముదురుగా ఉంటుంది, చుట్టూ వెలిసిపోయి ఉంటుంది, కొలత టేపుతో కొలిచి అదే సైజు ఫొటో వెతకడమే. మూలల్లో పెట్టే చిన్న కాగితం క్లిప్పుల గుర్తులు కూడా సాయం చేస్తాయి. ఆ తర్వాత నెగటివ్‌లు. ఇంట్లో నెగటివ్‌లు ఉంటే మీ అదృష్టం, 35 ఎంఎం ఫిల్మ్ అంచు మీద ఫ్రేమ్ నంబర్లు ఉంటాయి, మామూలుగా 14 తర్వాత 15 తీసి ఉంటారు. చదరంగా ఉండే పెద్ద నెగటివ్ అయితే అది చాలావరకు 120 ఫిల్మ్, రోల్‌కి 12 వస్తాయి, అదే ఫిల్మ్ మీద 8 కానీ 16 కానీ తీసే కెమెరాలూ ఉన్నాయి కాబట్టి సైజు చూసి లెక్కేయండి. కొన్ని ల్యాబ్ ప్రింట్ల వెనక చుక్కల అక్షరాలతో సన్నగా ఒక లైన్ ఉంటుంది, అందులో కూడా ఫ్రేమ్ నంబర్ దొరకొచ్చు, లైటు కింద వాల్చి చూడండి.

ఇవేవీ లేనివాళ్లు కాగితాన్ని బట్టి గుంపులు కట్టండి. అంచు రంపపు పళ్లలా కత్తిరించినవి ఒకపక్క, తెల్ల అంచు ఉన్నవి ఒకపక్క, అంచు లేనివి ఒకపక్క. అంచు మీద నెల, సంవత్సరం ముద్రించి ఉంటే అది ఫిల్మ్ కడిగి ప్రింట్ వేసిన నెల, ఫొటో తీసిన నెల అనుకోకండి. కెమెరాలో సగం రోల్ ఆరు నెలలు ఉండిపోవడం మామూలే. అలాగే బట్టలూ జుట్టూ చూస్తే 1930ల్లా ఉండి కాగితం ప్లాస్టిక్ పూతతో నున్నగా ఉందంటే అది తర్వాత తీసిన కాపీ, ఆ పూత కాగితం 1960ల చివర్లో గానీ రాలేదు. అసలు ఫొటో ఇంకెవరి దగ్గరో ఉండొచ్చు, అడగండి.

పేర్చాక నంబర్ వేయండి. నా పద్ధతి ఆల్బమ్-పేజీ-చోటు, అంటే 02-07-3 అంటే రెండో ఆల్బమ్ ఏడో పేజీ మూడో ఫొటో. ఫైల్ పేరు అదే, కవర్ మీద అదే, నోట్‌బుక్‌లో అదే. ఫైల్ పేర్లలో మనుషుల పేర్లు పెట్టడం నాకు అస్సలు నచ్చదు, రేపు ఆ పేరు తప్పని తేలితే ఎన్నిచోట్ల మారుస్తారు? ఊహతో పేర్చినవాటి నంబర్ పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టండి, పెన్సిల్‌తో. స్కానింగ్ సెట్టింగులు మళ్లీ చెప్పను, 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), నాణ్యత తగ్గించకుండా దాచే టిఫ్ ఫైల్, అంతే.

ఇప్పుడు గ్రూప్ ఫొటో.

కుటుంబం గ్రూప్ అయినా, క్లబ్బు వార్షిక ఫొటో అయినా, ఆటల టీమ్ అయినా, సంఘం మీటింగ్ అయినా, మనకి కావాల్సింది ఒకటే, ఏ తల ఎవరిది. దీంట్లో అందరూ పడే గుంట ఒకటుంది, నేను చూసిన పాత క్యాప్షన్లలో సగం అక్కడే చెడ్డాయి. "ఎడమ నుంచి కుడికి" అని రాసి పేర్లు వరసగా రాసేస్తారు. ఎవరి ఎడమ? చూసేవాళ్ల ఎడమా, ఫొటోలో కూర్చున్నవాళ్ల ఎడమా? మీకు చిన్న విషయంలా అనిపిస్తుంది, కానీ ఫొటోలో ఉన్న మనిషే క్యాప్షన్ రాస్తే ఆయన తన పక్కన ఎవరు కూర్చున్నారో ఒంటితో గుర్తుపెట్టుకుని రాస్తాడు, "ప్రెసిడెంట్ గారికి కుడివైపు సెక్రటరీ" అని, ఆ సెక్రటరీ మనకి ఎడమవైపు కనిపిస్తాడు. అందుకని ఎప్పుడూ "చూసేవారి ఎడమ నుంచి" అని పూర్తిగా రాయండి, ప్రతి ఫొటోకీ, ఒకసారి రాశాం కదా అని వదలొద్దు, ఫొటోలు విడివిడిగా తిరుగుతాయి.

అక్కడితో అయిపోలేదు. మొదటి వరుస అంటే ఏది? కొందరు ముందు కింద కూర్చున్న పిల్లల్ని మొదటి వరుస అంటారు, కొందరు కుర్చీల వరుసని అంటారు, కొందరు వెనక నుంచి మొదలెడతారు. నంబర్ వద్దు, ఎలా ఉన్నారో అదే రాయండి, "నేల మీద కూర్చున్నవారు", "కుర్చీల్లో ఉన్నవారు", "నిలబడ్డవారు", "బల్ల ఎక్కి నిలబడ్డవారు". రెండు వరుసల మధ్యలోంచి సగం మొహం కనిపించేవాళ్లు ఉంటారు, ఒళ్లో పసిపిల్లలు ఉంటారు, వాళ్లని ఏ వరుసలో లెక్కేశారో రాయకపోతే అక్కడినుంచి అందరూ ఒక స్థానం జరిగిపోతారు.

ఈ జరిగిపోవడమే అన్నిటికంటే ప్రమాదం. పేరు తెలీని మనిషి వస్తే దాటేసి తర్వాతి పేరు రాసేస్తారు. దాటకండి. "తెలీదు" అని రాయండి, అది కూడా ఒక స్థానమే. నిలబడ్డ వరుసలో 9 మంది ఉన్నారు, వెనక రాసిన పేర్లు 8 ఉన్నాయి అనుకుందాం. ఎవరో ఒకరు వదిలేశారు, ఎవరిని? అందరినీ అడగక్కర్లేదు. మీకు రూఢిగా తెలిసిన ఇద్దర్ని పట్టుకోండి. మూడో పేరు ఉన్న మనిషి నిజంగానే మూడో తల, కానీ ఆరో పేరు ఉన్న మనిషి ఏడో తల. అంటే మూడు దాకా సరిగ్గా ఉంది, వదిలిన మనిషి 4, 5, 6 తలల్లో ఒకరు. ఆరో పేరు నుంచి అందరికీ ఒకటి కలిపితే చాలు. ఇక అడగాల్సింది 3 మొహాల గురించే. ఇలా రెండు వైపులా గుంజ పాతినట్టు తెలిసినవాళ్లని పెట్టుకుంటే పెద్ద గ్రూపైనా లొంగుతుంది.

ఇంకో తిరకాసు, ఫొటోనే అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండొచ్చు. నెగటివ్‌ని స్కానర్‌లో తప్పువైపు పెడితే ఎడమా కుడీ మారిపోతాయి. మెరిసే వైపు మీ మొహం వైపు ఉన్నప్పుడు అంచు మీది అక్షరాలు సరిగ్గా చదవడానికి వస్తే అదే సరైన వైపు. పాత ఇనపరేకు ఫొటోలు, 1850ల నుంచి వచ్చినవి, అవి పుట్టుకతోనే తిరగబడి ఉంటాయి, ఎందుకంటే కెమెరాలో పెట్టిన రేకే చేతికొచ్చేది, మధ్యలో నెగటివ్ లేదు. రేకా కాదా తెలియాలంటే కవర్ పైనుంచి చిన్న అయస్కాంతం దగ్గరికి తెచ్చి చూడండి. మామూలు ఫొటోల్లో బ్యానర్ మీద అక్షరాలు, గెలిచిన కప్పు మీద చెక్కిన పేరు చూడండి, అవి లేకపోతే మగవాళ్ల కోటు, అది మామూలుగా వేసుకున్న మనిషి ఎడమ అంచు కుడి అంచు పైకి వస్తుంది, రొమ్ము జేబు కూడా ఆ మనిషికి ఎడమవైపు ఉంటుంది. ఒక్కరిని చూసి తేల్చకండి, నలుగురైదుగురిని చూడండి. తిరగబడ్డ ఫొటోకి క్యాప్షన్ రాశాక ఎవరో ఫొటోని సరిచేస్తే మీ పేర్లన్నీ తలకిందులు.

కాబట్టి నేను చేసేది, నా ఉద్దేశంలో అందరూ చేయాల్సింది, తలలకి నంబర్లు. స్కాన్‌కి ఒక కాపీ తీసి, ఆ కాపీ మీద ప్రతి తల పక్కనా నంబర్ వేయండి, అసలు ఫైల్ ముట్టుకోవద్దు. కంప్యూటర్ అలవాటు లేకపోతే ప్రింట్ తీసి దాని మీద ట్రేసింగ్ పేపర్ పరిచి తలల చుట్టూ గీతలు గీసి నంబర్లు వేయండి, అసలు ఫొటో మీద పెట్టి మాత్రం గీయకండి, నొక్కు పడుతుంది. ఇక నోట్‌బుక్‌లో 1 ఎవరు, 2 ఎవరు అంతే. ఎడమా కుడీ గొడవే ఉండదు.

ప్రతి పేరు పక్కనా అది ఎక్కడినుంచి వచ్చిందో ఒక మాట. ఫొటో వెనక రాసి ఉందా, ఎవరైనా చెప్పారా, చెబితే ఎవరు, ఎప్పుడు, లేక మీరు పోల్చి ఊహించారా. ఈ మూడూ కలిపేస్తే మనవలు చూసేనాటికి ఊహ కూడా నిజమైపోతుంది. వెనక "చిన్న తాతయ్య" అని ఉంటే అలాగే దింపుకోండి, రాసింది ఎవరో తేలేదాకా పేరుగా మార్చకండి, ఎవరికి తాతయ్యో తెలియాలి కదా.

క్లబ్బు ఫొటోలు ఒక రకంగా కుటుంబం ఫొటోల కంటే తేలిక. కాగితాలు ఉంటాయి. మీటింగుల్లో జరిగింది రాసే మినిట్స్ పుస్తకం, వార్షిక నివేదిక దొరికితే ఏ సంవత్సరం ప్రెసిడెంట్ ఎవరు, ట్రెజరర్ ఎవరు అనేది అచ్చులో ఉంటుంది, మధ్య కుర్చీలో ప్రెసిడెంట్, ఆయన పక్కన మిగతా పదవుల వాళ్లు కూర్చోవడం చాలాచోట్ల అలవాటు, ముగ్గురి పదవులు ఒకే సంవత్సరంలో కుదిరితే తేదీ దొరికినట్టే. టీమ్ ఫొటోలో ముందు పెట్టిన పలక మీద 1961–62 లాగా ఉంటే అది సీజన్, ఏ నెలలో తీశారో అది చెప్పదు. ఫొటో అంటించిన అట్ట మీద స్టూడియో వాళ్లు అచ్చేసిన పేర్లు అప్పటివే కాబట్టి నమ్మొచ్చు, అయినా తలలు లెక్కపెట్టి పేర్లు లెక్కపెట్టండి. చివర్లో నిలబడ్డ పనివాళ్ల పేర్లు అట్ట మీద చాలాసార్లు ఉండవు, వాళ్లకీ నంబర్ వేయండి, వాళ్ల కోసం జీతాల రిజిస్టర్ ఉంటే అది వెతకండి. ఆ మనుషులు ఆ క్లబ్బులో ఏళ్లకేళ్లు ఉన్నారు, ప్రెసిడెంట్లు వచ్చి పోయారు.

మొహాలు పోల్చే సాఫ్ట్‌వేర్ గురించి అడిగారు. వెతకడానికి వాడుకోండి, తేల్చడానికి వాడకండి, అన్నదమ్ముల్ని, తండ్రీ కొడుకుల్ని కలిపేస్తుంది. నేను చెవులు చూస్తా, బరువు పెరిగినా జుట్టు ఊడినా చెవి ఆకారం పెద్దగా మారదు. రంగులద్దే యాప్‌లు, మొహం స్పష్టంగా చేసే యాప్‌లు ఈ పనిలో అసలు వద్దు, అవి లేని కన్నూ ముక్కూ తెచ్చి పెడతాయి, ఆ కాపీ చూపించి పెద్దవాళ్లని గుర్తుపట్టమనడం అన్యాయం.

వెనక రాయడం గురించి ఒక్క ముక్క. బాల్‌పెన్ వద్దు, నొక్కు ముందువైపుకి వస్తుంది. మామూలు కాగితం అయితే మెత్తటి పెన్సిల్‌తో అంచు దగ్గర నంబర్ మాత్రం, గట్టి బల్ల మీద పెట్టి. పూత కాగితం మీద పెన్సిల్ పట్టదు, కవర్ మీద రాయండి, ఫొటో లోపల పెట్టకముందే రాయండి. ఎవరికైనా పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సైజు తగ్గిపోతుంది, ఫైల్ లోపల రాసుకున్న వివరాలూ పోతాయి.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టమే పెడుతున్నా. కనీసం 15 మంది ఉన్న గ్రూప్ ఫొటో ఒకటి తీసుకోండి. తలలకి నంబర్లు వేసి పెద్ద ప్రింట్ తీయండి, ఫోన్‌లో చూపించొద్దు, పెద్దవాళ్లకి కనపడదు, మొహమాటానికి ఔనంటారు. ముగ్గురు పెద్దవాళ్ల దగ్గరికి విడివిడిగా వెళ్లండి, ఒకళ్లు చెప్పింది ఇంకొకళ్లకి చెప్పకుండా. "ఇది మీ అన్నయ్యే కదా" అని అడగకూడదు. ముందు ఇది ఎక్కడ తీశారు, ఏ సందర్భం అని అడగండి, చోటు గుర్తొస్తే మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారు, తర్వాత తలలు ఒక్కొక్కటీ. అడిగి ఒప్పుకుంటే మాటలు రికార్డ్ చేయండి. అలిసిపోతే ఆపేసి ఇంకోరోజు వెళ్లండి, రెండోసారి వెళ్లినప్పుడు కొత్త పేర్లు వస్తాయి. ముగ్గురి జాబితాలూ పక్కపక్కన పెట్టి తేడా వచ్చిన తలల నంబర్లు, ఆ మూడు జవాబులూ, ఎవరి మాట ఎందుకు ఎక్కువ నమ్ముతున్నారో రాసి నాకు పంపండి. ఫొటో పంపొద్దు, అసలు పేర్లూ వద్దు, నంబర్లు చాలు. ఐదో పాఠం ఆ తేడాల మీదే.