గార్డినర్ మకాంగా ఎల్లోస్టోన్ ట్రిప్: వేడినీటి బుగ్గలు ఎక్కడ చూడాలి, ఎక్కడ దిగాలి

ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి అయిదు గేట్లున్నాయి. ఏడాది పొడుగునా మామూలు కార్లని లోపలికి వదిలేది ఉత్తర ద్వారం ఒక్కటే. ఆ గేటు ముందు, మోంటానా రాష్ట్రంలో ఉన్న చిన్న ఊరే గార్డినర్. మనవాళ్ళు ఎక్కువగా పడమటి గేటు దగ్గరి వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్ళో దిగుతారు, వేడినీళ్ళు పైకి ఎగజిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ బుగ్గకి అదే దగ్గర కాబట్టి. ఒక్కరోజు ట్రిప్పుకైతే అదే సరి. వేడినీళ్ళలో కాసేపు కూర్చోవాలి, తెల్లారేసరికి దున్నల్లాంటి బైసన్ మందల దగ్గర ఉండాలి అనుకుంటే మాత్రం గార్డినర్‌లో మకాం పెట్టండి. మూడు రాత్రులు చాలు. రెండు రాత్రులైతే హడావిడి తప్పదు.

ముందు ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి

పార్కు లోపలున్న వేడినీటి బుగ్గల్లో స్నానం నిషేధం. చెయ్యి పెట్టి చూడటం కూడా కుదరదు. బదరీనాథ్ తప్తకుండంలో మునిగొచ్చిన పెద్దవాళ్ళకి ఈ మాట ముందే చెప్పకపోతే అక్కడికెళ్ళాక నిరాశపడతారు. చాలా గుండాల్లో నీళ్ళు మరిగే స్థాయికి దగ్గరగా ఉంటాయి. పార్కు ఉన్న ఎత్తులో నీళ్ళు దాదాపు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. గట్టిగా కనబడే నేల కొన్నిచోట్ల పలచటి పెచ్చు మాత్రమే, కింద సలసల కాగే నీళ్ళుంటాయి. ఈ పార్కులో ఇలా కాలి చనిపోయినవాళ్ళు 20 మందికి పైనే. పిల్లాడి టోపీ గాలికి ఎగిరి అవతల పడితే వదిలేయండి, చెక్క బాట దిగి తేవద్దు.

చిల్లర వేసి దణ్ణం పెట్టుకునే అలవాటు కూడా ఇక్కడ మానుకోవాలి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర మార్నింగ్ గ్లోరీ అనే గుండం ఒకప్పుడు నిండు నీలంగా ఉండేది. జనం వేసిన నాణేలు, చెత్త అడుగున ఊట దారిని పూడ్చేశాయి. వేడి తగ్గింది, అంచుల నుంచి పసుపు, నారింజ రంగు సూక్ష్మజీవులు లోపలికి పాకాయి. ఇప్పుడు కనబడే రంగులు అవే.

పాత యూట్యూబ్ వీడియోలతో ఇంకో చిక్కుంది. గార్డినర్‌కీ పార్కు లోపలున్న మామత్ అనేచోటుకీ మధ్య బాయిలింగ్ రివర్ అనేచోట వేడినీళ్ళు చల్లటి గార్డ్‌నర్ నదిలో కలుస్తాయి. ఒకప్పుడు అక్కడ దిగనిచ్చేవారు. 2022 జూన్ వరదల్లో అక్కడి రోడ్డు కొట్టుకుపోయి ఆ చోటు మూతపడింది. దాన్ని నమ్ముకుని తువ్వాళ్ళు సర్దుకోకండి. అదే ఏడాది అక్టోబరుకి పాత గార్డినర్ రోడ్డుని వెడల్పు చేసి తెరిచారు, ఇప్పుడు మామత్ వెళ్ళేది దాని మీదుగానే. దూరం అయిదు మైళ్ళే అయినా మలుపులు, ఎత్తు ఎక్కువ. పావుగంటకి తక్కువ పట్టదు.

దిగి కూర్చోవడానికి రెండు చోట్లు

రెండూ పార్కు బయటే, గార్డినర్ నుంచి ఉత్తరంగా 89వ నంబరు హైవే మీద వెళ్ళాలి.

దగ్గరిది ఎల్లోస్టోన్ హాట్ స్ప్రింగ్స్, ఊరికి ఎనిమిది మైళ్ళు, కార్విన్ స్ప్రింగ్స్ అనేచోట నది ఒడ్డునే ఉంటుంది. గోరువెచ్చటి పెద్ద కొలనుతోపాటు ఇంకాస్త వేడిది ఒకటి, చన్నీళ్ళది ఒకటి ఉన్నాయి. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. వేసవి సాయంత్రాలు నిండిపోతాయి, వారంలో సెలవు రోజు కూడా బుకింగ్ పేజీలోనే తెలుస్తుంది.

రెండోది చికో హాట్ స్ప్రింగ్స్, ముప్ఫై మైళ్ళ అవతల ప్రే అనే ఊళ్ళో. 1900 నుంచీ నడుస్తున్న రిసార్టు ఇది. పెద్ద కొలను 96 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 36 సెల్సియస్. చిన్నది 103, అంటే 39 దాటి. పిల్లలుంటే పెద్ద కొలనుకే పరిమితమవ్వండి. బోజ్‌మన్ విమానాశ్రయం నుంచి వచ్చే దారిలోనే పడుతుంది కాబట్టి వచ్చేరోజో తిరిగెళ్ళే ముందురోజో పెట్టుకుంటే పెట్రోలు, సమయం రెండూ కలిసొస్తాయి.

కొలనుకి వెళ్ళేముందు చూసుకోవాల్సినవి:

- ఈత దుస్తులు తప్పనిసరి. చీర, చుడీదార్, కాటన్ బనీను, లుంగీ ఒప్పుకోరు. అమ్మావాళ్ళకి పొడుగు చేతుల స్విమ్ షర్టు, స్విమ్ లెగ్గింగ్స్ ముందే కొనండి. గార్డినర్‌లో వెతుక్కోవడం కష్టం.
- తలకి నూనె రాసుకుని దిగొద్దు. సబ్బుతో స్నానం చేసి దిగాలి. చికోలో క్లోరిన్ కలపరు, రోజూ నీళ్ళు వదిలేసి మళ్ళీ నింపుతారు. అందుకే ఆ పట్టుదల.
- గంధకం ఉన్న నీళ్ళకి వెండి నల్లబడుతుంది. పట్టీలు, మెట్టెలు, పిల్లల వెండి మొలతాళ్ళు గదిలోనే తీసిపెట్టుకోవడం మంచిది. మెట్టెలు తీయనంటే పట్టుబట్టకండి, తర్వాత పేస్టు పెట్టి తోమితే నలుపు పోతుంది.
- వేడి కొలనులో ఒక విడతకి పది, పదిహేను నిమిషాలు. లేచేటప్పుడు మెల్లగా, కమ్మీ పట్టుకుని లేవాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి ఆ క్షణంలోనే కళ్ళు తిరుగుతాయి: వేడికి రక్తనాళాలు వ్యాకోచించి ఒత్తిడి అప్పటికే తగ్గి ఉంటుంది, దానికి మాత్ర తోడవుతుంది. గార్డినర్ 5,300 అడుగుల ఎత్తులో ఉంది, ఒంట్లో నీళ్ళు త్వరగా తగ్గుతాయి. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా వేడి కొలనులో దిగకూడదు.
- ముక్కులోకి నీళ్ళు పోనివ్వకండి. సహజమైన వెచ్చటి నీళ్ళలో అరుదుగా ఒకరకం అమీబా ఉంటుంది, ముక్కు ద్వారా మెదడుకి చేరితే ప్రాణాంతకం. తలముంచే ఆటలు వద్దని పిల్లలకి చెప్పండి.

పార్కు తిరిగొచ్చాక సాయంత్రమే కొలనుకి వెళ్ళండి. పొద్దున్నే నానితే ఒళ్ళు బద్ధకించి ఆ రోజంతా పోతుంది.

ఎప్పుడు వెళ్ళాలి

గార్డినర్ నుంచి మామత్, టవర్, లామార్ లోయ మీదుగా కుక్ సిటీ వెళ్ళే రోడ్డు చలికాలంలోనూ తెరిచే ఉంటుంది. మామత్ నుంచి దక్షిణంగా నోరిస్ అనే వేడిబుగ్గల ప్రాంతం, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వెళ్ళేది మాత్రం ఏప్రిల్ మూడోవారం నుంచి అక్టోబరు చివరిదాకానే. ఇది చూసుకోకుండా నవంబరు థాంక్స్‌గివింగ్ సెలవులకి టికెట్లు కొనేవాళ్ళున్నారు. అప్పుడు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కి కారు పోదు, మంచు మీద నడిచే స్నోకోచ్ బళ్ళు ఇంకా మొదలవ్వవు. అవి డిసెంబరు మధ్య నుంచి. టవర్‌కీ కాన్యన్‌కీ మధ్య డన్‌రావెన్ కనుమ 8,859 అడుగుల ఎత్తు, మే చివరికి గానీ తెరవరు.

మా ఓటు సెప్టెంబరు రెండు, మూడు వారాలకి. జనం తగ్గుతారు, రోడ్లన్నీ తెరిచి ఉంటాయి, మామత్ పచ్చికల్లో ఎల్క్ అనే పెద్ద జింకల పోతులు అరుస్తూ తిరుగుతుంటాయి. అది వాటి జతకట్టే కాలం కాబట్టి కార్ల మీదికి కూడా దూకుతాయి. ఎల్క్, బైసన్‌లకి 25 గజాలు, ఎలుగులు, తోడేళ్ళకి 100 గజాల దూరం ఉండాలన్నది పార్కు నిబంధన. సెల్ఫీ కోసం దీన్ని తగ్గించొద్దు.

రోజుల అమరిక

మొదటిరోజు బోజ్‌మన్‌లో దిగి కారు తీసుకోండి. లోపల తిరగడానికి బస్సు, ఊబర్ ఏవీ ఉండవు. లివింగ్‌స్టన్ మీదుగా గార్డినర్‌కి గంటన్నర ప్రయాణం. సరుకులు బోజ్‌మన్‌లోనే కొనండి, పెట్రోలు లివింగ్‌స్టన్‌లో నింపండి. చీకటి పడ్డాక 89వ నంబరు హైవే మీద జింకలు అడ్డం వస్తాయి. వెలుతురుండగానే చేరండి.

రెండోరోజు లామార్. సూర్యోదయానికి అక్కడుండాలంటే గంటంపావు ముందే గది వదలాలి. జూన్‌లో ఐదున్నరకే తెల్లారుతుందని గుర్తుంచుకోండి. 1995లో కెనడా నుంచి తోడేళ్ళని తెచ్చి వదిలింది ఈ వైపే. అవి కంటికి చుక్కల్లా కనిపిస్తాయి, బైనాక్యులర్ లేకపోతే ఉపయోగం లేదు. రోడ్డు పక్కన పెద్ద టెలిస్కోపులు పెట్టుకున్నవాళ్ళని మర్యాదగా అడిగితే చాలామంది చూడనిస్తారు. ఎనిమిది, తొమ్మిదికి వెనక్కి బయల్దేరి మామత్ టెర్రస్‌లకి రండి. పదిన్నర దాటితే పార్కింగ్ దొరకదు.

మామత్‌ది నోరిస్ లాంటి నేల కాదు. కింద సున్నపురాయి ఉంది. వేడినీళ్ళు దాన్ని కరిగించి పైకి తెచ్చి తెల్లటి మెట్లుగా పేరుస్తాయి. ఊట దారులు మారుతుంటాయి, అందుకే ఒక ఏడాది జలజలా పారిన మెట్టు మరుసటి ఏడాది బూడిదరంగులో ఎండిపోయి కనబడుతుంది. ఫోటోలో చూసిన మినర్వా మెట్లు ఎండి ఉంటే నిరుత్సాహపడకండి, కానరీ ఊట వైపు నడవండి. మొత్తం చెక్క బాట 1.75 మైళ్ళు, మెట్లు బాగానే ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కింద లిబర్టీ క్యాప్ అనే రాతి స్తంభం దగ్గర చదునుగా ఉంటుంది. అక్కడ చూపించి, తర్వాత అప్పర్ టెర్రస్ డ్రైవ్ అనే వన్‌వే రోడ్డులో కార్లో తిప్పండి, ఆరెంజ్ స్ప్రింగ్ మౌండ్ కిటికీ పక్కనే వస్తుంది. ఆ రోడ్డు చలికాలంలో మూస్తారు.

మూడోరోజు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్. గార్డినర్ నుంచి 56 మైళ్ళే కానీ గరిష్ఠ వేగం గంటకి 45 మైళ్ళు. ఒక్క బైసన్ మంద రోడ్డెక్కితే అరగంట పోతుంది. రెండు గంటలు వేసుకోండి. ముందు నోరిస్ చూడండి, అక్కడ పార్కింగ్ త్వరగా నిండుతుంది. అక్కడి తుంపర్లలో సిలికా ఉంటుంది, కళ్ళద్దాల మీద, కెమెరా లెన్స్ మీద ఆరిపోతే మరక వదలదు, వెంటనే తడిబట్టతో తుడవాలి. గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగురంగుల గుండాన్ని మాత్రం పది తర్వాతే పెట్టుకోండి. చల్లటి పొద్దున పొగమంచులాంటి ఆవిరి తప్ప రంగులు కనబడవు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఎగజిమ్మే సమయం పార్కు యాప్‌లో ఉంటుంది, అటూఇటూ పది నిమిషాల తేడాతో. లోపల సిగ్నల్ చాలాచోట్ల లేదు. యాప్‌ని, మ్యాపుని గదిలో ఉండగానే ఆఫ్‌లైన్‌కి దించుకోండి.

టికెట్లు, తిండి, సామాను

కారుకి 35 డాలర్లు, ఏడురోజులు చెల్లుతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే లెక్క వేరు. 2026 జనవరి 1 నుంచి అమెరికా నివాసులు కానివాళ్ళకి, 16 ఏళ్ళు నిండితే, ఎల్లోస్టోన్‌తో కలిపి 11 పార్కుల్లో తలకి 100 డాలర్లు అదనం. వార్షిక పాసు నివాసులకి 80, కానివాళ్ళకి 250. ఇద్దరొస్తే ఎల్లోస్టోన్ ఒక్కదానికే 235 అవుతుంది. పక్కనే ఉన్న గ్రాండ్ టీటన్ కూడా ఆ 11లోదే కాబట్టి రెండూ చూసేటట్టయితే పాసు లాభం. పాసు ఎవరెవరికి వర్తిస్తుందో పార్కు వెబ్‌సైట్లో చదివి కొనండి. అమెరికా నివాసులని చూపడానికి మీరు మీ డ్రైవింగ్ లైసెన్సు దగ్గర పెట్టుకోండి.

గది తీసుకునేటప్పుడు ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నది చూడండి. శాకాహారులకి గార్డినర్‌లో పిజ్జా, సలాడ్, ఫ్రైస్ దాటి పెద్దగా దొరకదు. పొద్దున్నే పులిహోర కలుపుకుని వెళ్ళి పిక్నిక్ బల్లల దగ్గర తినడం నయం. పెరుగన్నం తీసుకెళ్తే కూలర్లో ఐసు ఉండాలి. తిన్నాక ఒక్క మెతుకు కూడా బల్ల మీద వదలొద్దు, నూనె అంటిన డబ్బాలు కారులో పెట్టి అద్దాలు ఎత్తేయాలి. తిండి వాసన మరిగిన ఎలుగుని చివరికి చంపాల్సి వస్తుంది.

ట్రైల్ నడిస్తే ఎలుగుల్ని తరిమే బేర్ స్ప్రే ఉండాలి. విమానంలో చేతి బ్యాగులోనూ, చెక్-ఇన్ సామానులోనూ దాన్ని రానివ్వరు. అక్కడికెళ్ళాకే కొనడమో అద్దెకి తీసుకోవడమో చేయండి, సంచి అడుగున కాకుండా నడుముకి తగిలించుకోండి. జులైలో కూడా పొద్దున స్వెట్టర్ కావాలి. కొలను నుంచి కారుదాకా తడి తలతో నడిచే రెండు నిమిషాలకి ఉన్ని టోపీ ఒకటి విడిగా సర్దుకోండి.