శ్రావణం ముహూర్తాలకు ముందు కెమెరా పట్టే తమ్ముళ్లకు

ఆషాఢమంతా ఖాళీగా ఉన్న ఫంక్షన్ హాళ్లు శ్రావణం రాగానే ఒక్కసారిగా నిండిపోతాయి. ఈ సీజన్‌లోనే మొదటిసారి పెద్ద వీడియో కెమెరా చేతికి తీసుకుంటున్నవాళ్ల కోసం ఇది. పెళ్లిలో రీటేక్ ఉండదు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు "పంతులుగారూ, ఒక్క నిమిషం, మెనూలో ఏదో మారింది" అంటే ఎవరూ ఆగరు, కాబట్టి మెనూతో పనంతా ముందురోజు రాత్రి ఇంట్లోనే తేలిపోవాలి. ముహూర్తం టైముకి మీ వేళ్లు ఫోకస్, ఐరిస్ (లెన్స్‌లోకి వచ్చే వెలుతురుని పెంచి తగ్గించేది), జూమ్ మీద తప్ప ఇంకెక్కడికీ పోకూడదు.

ముందు షట్టర్, అంటే ఒక్కో ఫ్రేము ఎంతసేపు వెలుతురు పట్టాలో చెప్పే సెట్టింగ్, చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకని ఫ్రేమ్ రేటు 25 పెట్టుకుని షట్టర్ 1/50 దగ్గర ఉంచండి, 50 ఫ్రేములైతే 1/100. 60 సెట్టింగ్‌లో ఉన్న కెమెరాని అలాగే వాడితే ట్యూబ్‌లైట్ల కింద వీడియో మినుకుమినుకుమంటుంది, ఎడిటింగ్‌లో దాన్ని సరిచేయడం చాలా కష్టం. చవక డెకరేషన్ లైట్లు, ఎల్‌ఈడీ గోడలు ఒక్కోసారి దీనికీ లొంగవు. హాల్లో అడుగుపెట్టగానే అన్ని లైట్లూ వేయించి, స్క్రీన్‌లో చారలు వస్తున్నాయేమో చూసుకోండి.

వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనబడేలా రంగులు సరిచేసే సెట్టింగ్) ఆటోలో వద్దు, గులాబీ లైటు వెలిగినప్పుడల్లా ముఖాల రంగు మారిపోతుంది. వధూవరులు కూర్చునే పీటల దగ్గర తెల్ల కాగితం పట్టించి సెట్ చేసి వదిలేయండి. వెలుతురు విషయంలో కొత్తవాళ్లని ఎక్కువగా దెబ్బతీసేవి మధుపర్కాలు. జీబ్రాని (వెలుతురు మరీ ఎక్కువైన చోట స్క్రీన్‌లో గీతలు చూపించేది) 100 దగ్గర పెట్టుకోండి, తెల్లబట్ట నిండా గీతలు పాకుతున్నాయంటే అక్కడ మడత, నేత ఏమీ మిగలవు, గీతలు పోయేదాకా ఐరిస్ తగ్గించండి. ముఖాలు చీకటైతే లైటు దగ్గరికి జరపాలి గానీ గెయిన్ (కెమెరా లోపలే బొమ్మ వెలుగు పెంచే సెట్టింగ్) పెంచుకుంటూ పోతే బొమ్మ నిండా గ్రెయిన్ తప్ప ఏమీ రాదు.

ఇక సౌండ్. నిజానికి అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పడాల్సింది ఇక్కడే, ఎందుకంటే బొమ్మ చెడితే స్క్రీన్‌లో కనబడుతుంది, సౌండ్ చెడిన సంగతి హెడ్‌ఫోన్ పెట్టుకోకపోతే ఇంటికెళ్లాకే తెలుస్తుంది. ఆటో లెవెల్‌లో వదిలేస్తే పంతులుగారు మెల్లగా మంత్రం చదువుతుంటే కెమెరా సౌండ్ పెంచుకుంటుంది, అంతలో గట్టిమేళం అందుకుంటే డోలు దెబ్బకి మొత్తం పగిలిపోతుంది. మాన్యువల్‌లో పెట్టి, మామూలు మాటలు సౌండ్ మీటర్‌లో మైనస్ 12 డీబీ దగ్గర ఆడేలా చూసుకోండి. మైకు సిగ్నల్‌నే రెండో ఛానెల్‌కీ ఇచ్చి, దాని లెవెల్ ఇంకో పది డీబీ తగ్గించండి. మొదటిది పగిలినా తాళి కట్టేటప్పటి సన్నాయి రెండోదాంట్లో శుభ్రంగా దొరుకుతుంది. 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోంచే కెమెరా ఇచ్చే కరెంటు) కండెన్సర్ మైకుకి కావాలి, హాలువాళ్ల మిక్సర్ నుంచి లైన్ తీసుకుంటే దాన్ని ఆపేసి, స్విచ్ లైన్‌కి మార్చాకే వైరు గుచ్చండి.

వానాకాలం కదా, రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాని పొద్దున్నే బయటి ఉక్కలోకి తీస్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచి, ఆ తర్వాతే తీయండి. నీలం సిలికా జెల్ గులాబీ రంగుకి తిరిగితే తేమ పట్టేసినట్టే, మార్చాలి. తలంబ్రాల్లో ఈమధ్య థర్మాకోల్ పూసలు కలుపుతున్నారు, అవి కెమెరా ఫ్యాన్ జాలీకి అతుక్కుంటాయి, ఆ పది నిమిషాలూ రెయిన్ కవర్ వేయండి. బరాత్‌లో డీజే లేజర్ వైపు మాత్రం కెమెరా తిప్పొద్దు, ఒక్క కిరణం నేరుగా పడినా సెన్సర్ మీద శాశ్వతంగా మచ్చ మిగలొచ్చు, ఆ రిపేరు ఖర్చు మీ సీజన్ సంపాదన తినేస్తుంది.

బ్యాటరీ కొంచెం ఉబ్బినా పక్కన పడేయండి. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. జనరేటర్‌కి మారేటప్పుడు కరెంటు ఎగిరిపడుతుంది కాబట్టి ముహూర్తం టైములో కెమెరా బ్యాటరీ మీదే నడవాలి.

కార్డుల లెక్క ముందే వేసుకోండి: 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 100 మెగాబిట్లు) తీస్తే గంటకి సుమారు 45 జీబీ పడుతుంది. రెండు స్లాట్లుంటే రెండింట్లోనూ ఒకేసారి రికార్డయ్యేలా పెట్టండి. ఫార్మాట్ కెమెరాలోనే చేయండి, అదీ పాత పెళ్లి రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కి, ఫైళ్లు తెరిచి చూసుకున్నాకే.