రోజంతా గింజల దగ్గరే ఉన్నా బడ్జీ చిక్కిపోతుంటే

లక్షణం

మన ఇళ్లలో లవ్ బర్డ్స్ అని పెంచుకునే బడ్జీలు సరైన పోషణలో పదేళ్ల దాకా బతకగలవు. అవి అర్ధాంతరంగా పోయిన ఇళ్లలో నాకు పదే పదే వినిపించే మాట, ‘నిన్నటి వరకూ బాగానే తిన్నదండీ’ అన్నదే. పక్షి పొద్దస్తమానం గిన్నె దగ్గరే ముక్కు ఆడిస్తూ ఉంటుంది కనుక ఆకలి బాగుందని ఇంట్లోవాళ్లు నమ్ముతారు; ఈకలు ఉబ్బించుకుని పట్టపగలు కునుకు తీయడం మొదలుపెట్టేసరికి దాని ఒంట్లో కండ చాలావరకు కరిగిపోయి ఉంటుంది.

ముందుగా చూడవలసినవి

గిన్నెలోకి ఒకసారి గట్టిగా ఊదండి. బడ్జీ ప్రతి గింజనూ ఒలిచి, లోపలి పలుకు మింగి, పొట్టును అక్కడే వదిలేస్తుంది. అందువల్ల నిండుగా కనిపించే గిన్నెలో పొట్టు తప్ప ఒక్క కొర్రగింజ కూడా లేకపోవడం చాలా ఇళ్లలో చూశాను. ఇంత చిన్న పక్షికి ఒక్క రోజు పస్తు కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

గింజలు ఉన్నాయని తేలితే తూకం వేయండి. గ్రాముల్లో చూపే వంటింటి కాటా మీద చిన్న డబ్బా పెట్టి, సున్నా చేసి, ఉదయం మేతకు ముందు పక్షిని అందులో ఉంచితే చాలు. ఇళ్లలో పెరిగే బడ్జీ సాధారణంగా 30 నుంచి 40 గ్రాములు ఉంటుంది కాబట్టి, మూడు నాలుగు గ్రాములు తగ్గడమంటే ఒంట్లో పదో వంతు పోయినట్టే. ఈకలు ఆ నష్టాన్ని కంటికి కనపడనీయవు. రొమ్ము మధ్య ఎముకను వేలితో తడమండి. అది కత్తి అంచులా తగిలితే ఇక ఆలస్యం చేయకూడదు.

అసలు కారణం

గింజలు ఉండి కూడా బరువు తగ్గుతుంటే నేను మొదట అనుమానించేది మాక్రోరాబ్డస్ అనే శిలీంధ్రాన్ని. జీర్ణరసాలు ఊరే సంచీ కందనకాయతో కలిసే చోట ఇది తిష్ట వేసి అరుగుదలను దెబ్బతీస్తుంది. పక్షి గింజను నలిపి నలిపి వదిలేస్తుందే గాని మింగేది తక్కువ, మింగినదీ సరిగా అరగదు. రెట్టలో అరగని గింజలు కనపడటం, తిన్నది కక్కడం వల్ల తల మీది ఈకలు జిగటగా అంటుకుపోవడం దీని గుర్తులు. రెట్ట నల్లగా ఉంటే లోపల రక్తస్రావం అవుతోందని అనుమానించాలి.

దీన్ని చాలాకాలం బ్యాక్టీరియాగా పొరబడి మెగాబ్యాక్టీరియా అన్నారు; శిలీంధ్రమని 2003లో స్పష్టమైంది. అందుకే యాంటీబయాటిక్ దీనిపై పనిచేయదు. పక్షుల దుకాణంలో ఇచ్చే రంగు పొడిని నీళ్లలో కలపడం వల్ల, ఆ రుచి నచ్చక పక్షి నీళ్లు కూడా తగ్గించే ప్రమాదం ఉంది. విలువైన రోజులు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

పరిష్కారం

తాజా రెట్టను సూక్ష్మదర్శిని కింద చూస్తే పొడవైన పుల్లల్లాంటి కణాలు కనిపిస్తాయి. రెట్టలో ఇవి ప్రతిసారీ పడవు కాబట్టి, ఒక పరీక్షలో కనపడలేదని వదిలేయకుండా వేర్వేరు రోజుల నమూనాలను చూపించాలి. దగ్గరలో పక్షుల వైద్యులు లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలోని పశువైద్య కళాశాలల్లో విచారించండి.

దీనికి మందు ఆంఫోటెరిసిన్ బి. శిలీంధ్రం ఉండేది జీర్ణకోశంలోనే; ఈ మందు పేగుల్లోంచి రక్తంలోకి పెద్దగా చేరకుండా అక్కడే పనిచేస్తుంది కనుక దాన్ని నోటి ద్వారానే ఇస్తారు. మోతాదును పక్షి బరువును బట్టి వైద్యులే నిర్ణయించాలి. సాధారణంగా రోజుకు రెండుసార్లు, కొన్ని వారాల పాటు వేయవలసి ఉంటుంది. పక్షి హుషారు కాగానే మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఈలోగా పంజరంలో ఒక వైపు బల్బుతో 30 డిగ్రీల దాకా వెచ్చదనం ఉంచి, వేడెక్కితే తప్పుకోవడానికి రెండో వైపు వదిలేయండి. నానబెట్టిన కొర్రలు పెట్టి, పులియకముందే తీసేయండి.

ఈ జబ్బు రెట్ట ద్వారా, తల్లిదండ్రులు పిల్లలకు మేత అందించేటప్పుడు వ్యాపిస్తుంది. పైకి ఆరోగ్యంగా కనిపించే పక్షులు కూడా దీన్ని మోస్తుంటాయి కాబట్టి పంజరంలోని అన్నింటికీ పరీక్ష చేయించాలి. కొత్త పక్షిని కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచాలి.

ఇతర కారణాలు

పెరిగిపోయిన ముక్కు చూడగానే తెలుస్తుంది. వయసు మళ్లిన పక్షుల్లో కణితులు, పంజరం తీగల నుంచి జింకు విషం కూడా కారణం కావచ్చు. పై పరీక్షల్లో ఏమీ తేలకపోతే వైద్యులు ఎక్స్‌రే తీసి చూస్తారు. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతుంటే మాత్రం ఈ వరుస పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.