దుబాయ్‌లో అమెరికా డిగ్రీ: అప్పు చేసే ముందు చూడాల్సిన కాయితాలు

మాగుంట లేఅవుట్‌లో ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా ఈ మధ్య ఒకటే పాట. "అమెరికా వీసా కోసం దేవుళ్లకు మొక్కుకోవడం ఎందుకండీ? అదే యూనివర్సిటీ దుబాయ్‌లో ఉంది. చెన్నైలో ఎక్కితే నాలుగ్గంటలు. డిగ్రీ కూడా అదే." అబద్ధమేమీ కాదు. కానీ చెప్పకుండా దాచేది చాలా ఉంది.

నేను నెల్లూరులో ఎడ్యుకేషన్ లోన్ల డెస్కు మీద చానాళ్లు కూర్చుని రిటైరయినవాణ్ణి. ఇప్పటికీ కోవూరు నుంచో కావలి నుంచో తెలిసినవాళ్లు పిలకాయల్ని వెంటబెట్టుకుని, ప్లాస్టిక్ ఫైలు చేత్తో పట్టుకుని వస్తారు. "అన్నా, సంతకం పెట్టే ముందు ఒకసారి చూడు" అంటారు. ఆ ఫైల్లో నేను ఏమేం వెతుకుతానో ఇక్కడ రాస్తున్నా.

అసలు అది బ్రాంచేనా

పేరులో 'అమెరికన్' ఉన్నంత మాత్రాన బ్రాంచ్ అయిపోదు. అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ షార్జా 1997లో అక్కడే పుట్టిన యూనివర్సిటీ. మంచిదే, అమెరికా గుర్తింపు కూడా ఉంది. కాకపోతే దానికి అమెరికాలో తల్లి క్యాంపస్ లేదు. ఆర్‌ఐటీ దుబాయ్ సంగతి వేరు. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2008లో తెరిచింది, పట్టా రోచెస్టర్ పేరు మీదే వస్తుంది. ఎన్‌వైయూ అబుధాబిలో చదివితే న్యూయార్క్ యూనివర్సిటీ పట్టా. షాంఘైలో ఈస్ట్ చైనా నార్మల్ యూనివర్సిటీతో కలిసి పెట్టారు గనక ఎన్‌వైయూ పట్టాతో పాటు చైనా పట్టా కూడా ఇస్తారు.

కన్సల్టెన్సీ ఇచ్చిన రంగుల పుస్తకం పక్కన పెట్టి, అమెరికాలోని యూనివర్సిటీ సొంత సైటు తెరవండి. అందులో ఈ క్యాంపస్ పేరు ఉండాలి. తర్వాత ఆ యూనివర్సిటీకి గుర్తింపు ఇచ్చిన సంస్థ దగ్గరికి వెళ్లండి. ఎన్‌వైయూకీ ఆర్‌ఐటీకీ అయితే అది మిడిల్ స్టేట్స్ కమిషన్. వాళ్ల పేజీలో బ్రాంచ్ క్యాంపస్‌లు పేరుపేరునా ఉంటాయి. అమెరికా విద్యాశాఖ నడిపే డేపిప్ అనే జాబితాలో కూడా వెతకొచ్చు, పైసా ఖర్చు లేదు. ఇంజనీరింగ్ అయితే అబెట్ అనే అమెరికా సంస్థ ఇచ్చే గుర్తింపు చూడండి. దాన్ని కోర్సుకూ క్యాంపస్‌కూ విడివిడిగా ఇస్తారు. అమెరికాలో మెకానికల్‌కు ఉంది కదా అని ఇక్కడ కంప్యూటర్స్‌కు ఉన్నట్టు కాదు. యూఏఈలో సీఏఏ, దుబాయ్‌లో కేహెచ్‌డీఏ అని స్థానిక అధికార సంస్థలున్నాయి. అక్కడా పేరుండాలి.

డబ్బు ఎవరిది, మాట ఎవరిది

ఎక్కువమంది అడగని ప్రశ్న ఇది. నేను ఎక్కువసేపు ఆగేది కూడా ఇక్కడే.

బ్యాంకు కొత్త బ్రాంచ్ తెరిస్తే అద్దె దగ్గర్నుంచి హెడ్డాఫీసే పెట్టుకుంటుంది. నష్టమొస్తే తనే మోస్తుంది. యూనివర్సిటీ బ్రాంచ్ అట్లా కాదు. గల్ఫులో పెద్ద పేరున్న క్యాంపస్‌లకు స్థలం, భవనం, ఏటా నడిపే ఖర్చు చాలావరకు పిలిచిన దేశానిదే. దోహాలోని ఎడ్యుకేషన్ సిటీ చూడండి. ఖతర్ ఫౌండేషన్ డబ్బు పెట్టి ఒక్కొక్కరినీ తెచ్చుకుంది. 1998లో డిజైన్ కోసం వర్జీనియా కామన్వెల్త్, ఆ తర్వాత వైద్యానికి కార్నెల్, 2003లో ఇంజనీరింగ్‌కు టెక్సస్ ఏ అండ్ ఎం, 2004లో కంప్యూటర్స్, బిజినెస్‌లకు కార్నెగీ మెలన్, 2005లో విదేశీ వ్యవహారాలకు జార్జ్‌టౌన్, 2008లో జర్నలిజానికి నార్త్‌వెస్టర్న్. ఒక్కొక్కరి దగ్గర కొన్ని కోర్సులే. అమెరికాలో నూరు కోర్సులున్నాయి కదా అని ఇక్కడ కోర్సు మార్చుకుందామంటే కుదరదు.

డబ్బు ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది అయితే ఏమవుతుందో టెక్సస్ ఏ అండ్ ఎం చూపించింది. రెండు దశాబ్దాలు బాగా నడిచిన క్యాంపస్. 2024 ఫిబ్రవరిలో టెక్సస్‌లో బోర్డు కూర్చుని, 7-1 ఓటుతో, 2028 కల్లా మూసేయాలని తేల్చేసింది. దోహాలో డబ్బుకు కరువు లేదు, పిల్లలకూ కరువు లేదు. అమెరికాలో గాలి మారింది, అంతే.

అటు నుంచి కూడా జరగొచ్చు. జార్జ్ మేసన్ యూనివర్సిటీ యూఏఈలోని రస్ అల్ ఖైమాలో పెట్టిన క్యాంపస్‌కు స్థానిక భాగస్వామి డబ్బు తగ్గించడంతో 2009లో మూతపడింది. ఒక్క బ్యాచ్ కూడా పట్టా తీసుకోలేదు. మిషిగన్ స్టేట్ 2008లో దుబాయ్‌కి వచ్చి, చేరేవాళ్లు సరిపోక 2010లో డిగ్రీ కోర్సులు ఎత్తేసింది. సింగపూర్‌లో ఎన్‌వైయూ సినిమా స్కూలు టిష్ ఏషియా లెక్కలు తేలక మూతబడింది. అదే ఎన్‌వైయూ 2010లో అబుధాబి నగరం నడిబొడ్డున, తాత్కాలిక క్యాంపస్‌లో, నూటయాభై మంది దాకా విద్యార్థులతో మొదలుపెట్టి, 2014లో సాదియాత్ ద్వీపంలో సొంత క్యాంపస్‌కు మారింది. రస్ అల్ ఖైమాలో దెబ్బతిన్న జార్జ్ మేసన్ కూడా 2014లో కొరియాలోని సాంగ్‌డోలో మళ్లీ తెరిచి నడుపుతోంది. కాబట్టి యూనివర్సిటీ పేరు చూసి ధైర్యపడటానికీ లేదు, భయపడటానికీ లేదు. ఆ ఊళ్లో, ఆ ఒప్పందం ఎట్లా ఉందన్నదే లెక్క.

(సాదియాత్ మాట వచ్చింది గనక ఒకటి చెప్పాలి. ఆ భవనాలు కట్టిన కూలీల హక్కుల మీద పెద్ద గొడవే జరిగింది. 2015లో వచ్చిన దర్యాప్తు నివేదిక, సుమారు మూడోవంతు మందికి యూనివర్సిటీ హామీ ఇచ్చిన రక్షణలు అందలేదని తేల్చింది. ఉదయగిరి వైపు నుంచి గల్ఫుకు పోయిన కుటుంబాలకు ఇదేం కొత్త సంగతి కాదు.)

అందుకని అడ్మిషన్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో వద్దు, రాతపూర్వకంగానే కావాలి. ఒప్పందం ఏ సంవత్సరం దాకా ఉంది? మధ్యలో మూసేస్తే చేరినవాళ్లను ఎక్కడ, ఏ ఫీజుతో పూర్తి చేయిస్తారు? గట్టి యూనివర్సిటీ రెండు రోజులు ఆలస్యమైనా సూటిగా జవాబిస్తుంది. "మీ అబ్బాయి భవిష్యత్తు మా బాధ్యత" అని తియ్యగా రాస్తే అది జవాబు కాదు.

పెరుగుతోందని ఎట్లా తెలుస్తుంది

కొత్త బిల్డింగు ఫొటోలు చూసి మురిసిపోవద్దు. పట్టా తీసుకుని బయటికెళ్లిన బ్యాచ్‌లు ఎన్ని, ఈ అయిదేళ్లలో కొత్త కోర్సులు పెట్టారా, ఉన్నవి తీసేశారా, పాఠం చెప్పేవాళ్లు అక్కడే కాపురం ఉంటున్నారా లేక సెమిస్టర్‌కొకసారి విమానం దిగి పోతున్నారా, అమెరికా క్యాంపస్ పిల్లలు కూడా ఇక్కడికి చదవడానికి వస్తున్నారా, ఇవి చూడండి. 1980లలో జపాన్‌కు అమెరికా యూనివర్సిటీలు వరసకట్టి పోయాయి. చాలావరకు మూటాముల్లె సర్దుకున్నాయి. 1982లో టోక్యోలో పెట్టిన టెంపుల్ యూనివర్సిటీ మాత్రం నిలబడింది. 2005లో జపాన్ ప్రభుత్వ గుర్తింపు తెచ్చుకుని, 2025 జనవరిలో క్యోటోలో ఇంకో క్యాంపస్ తెరిచింది. నా దృష్టిలో పెరుగుదలంటే అట్లాంటిది.

ఆఫర్ లెటర్ చదవడం

ఒక లెటర్ నాకు బాగా గుర్తు. పైన బంగారు రంగులో అమెరికా యూనివర్సిటీ ముద్ర. వాళ్ల నాన్న దాన్ని లామినేషన్ కూడా చేయించాడు. కిందికి దిగితే, ఫీజు కట్టాల్సిన ఖాతా ఒక ట్రైనింగ్ కంపెనీ పేరు మీద ఉంది. ఇంకా కిందకి, చీమతలకాయంత అక్షరాల్లో, "మొదటి సంవత్సరం ఫౌండేషన్, ఉత్తీర్ణులైతే డిగ్రీలో ప్రవేశం పరిశీలిస్తాం" అని ఉంది. అంటే ఆ పిల్లవాడికి సీటే రాలేదు! లోను ఆపించాను. ఆయనకు నా మీద కోపం వచ్చింది, అది వేరే సంగతి.

కాబట్టి లెటర్‌ను కింద నుంచి పైకి చదవండి. డబ్బు అందుకునే ఖాతా ఎవరిది? డిగ్రీ ఇచ్చే సంస్థ పేరు పూర్తిగా ఉందా? ఏ క్యాంపస్ అని రాశారా? షరతులు ఏమున్నాయి? సీటు వద్దనుకుంటే డిపాజిట్‌లో ఎంత వెనక్కిస్తారు? స్కాలర్‌షిప్ నాలుగేళ్లకా, మొదటి ఏడాదికేనా, నిలబెట్టుకోవాలంటే ఎంత జీపీఏ ఉండాలి?

అమెరికా డిగ్రీ అంటే అమెరికా కాదు

మన ఇళ్లలో అమెరికా చదువంటే చదువొక్కటే కాదు. ఓపీటీ, తర్వాత హెచ్-1బీ, తర్వాత మిగతావి. ఓపీటీ అన్నది అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివినవాళ్లకు ఇచ్చే పని అనుమతి. పన్నెండు నెలలు, స్టెమ్ కోర్సులకు, అంటే సైన్సు, ఇంజనీరింగ్, లెక్కల లాంటి వాటికి, ఇంకో 24 నెలలు. దుబాయ్‌లోనో దోహాలోనో నాలుగేళ్లూ చదివితే అది రాదు. పట్టా మీద ముద్ర ఏదైనా రాదు. ఈ ఒక్క వాక్యం కన్సల్టెన్సీలో ఎవరైనా ముందే చెప్పారా అని వచ్చినవాళ్లను అడుగుతుంటాను.

సాంగ్‌డోలో జార్జ్ మేసన్, యూటా యూనివర్సిటీలు మూడేళ్లు కొరియాలో, ఏడాది అమెరికాలో అనే పద్ధతి పెట్టాయి. ఆర్‌ఐటీ దుబాయ్ పిల్లలకు కొంతకాలం రోచెస్టర్‌లో చదివే వీలుంది. బాగానే ఉంది, కానీ ఆ కాలానికి అమెరికా వీసా విడిగా తెచ్చుకోవాలి. అది రాకపోతే ఏంటి దారి అన్నది కూడా ముందే అడగాలి. అమెరికాకే పోవాలన్న పట్టు ఉంటే, ఇక్కడ డిగ్రీ చేసి అక్కడ ఎంఎస్‌కు పోవడం చక్కటి దారే. నాలుగేళ్ల డిగ్రీ గనక మధ్యలో పేచీ ఉండదు.

లోను, లెక్క

"దిర్హాముల్లో ఫీజు గనక డాలర్ పెరిగినా మనకేం భయం లేదు" అన్నాడు ఒకాయన. దిర్హాము డాలర్‌కు కట్టేసి ఉంది, 1997 నుంచి 3.6725 దగ్గర కదలకుండా. ఖతర్ రియాల్ కూడా అంతే, 3.64. రూపాయి డాలర్ మీద ఎంత పడితే వీటి మీదా అంత పడుతుంది. నాలుగేళ్ల ఫీజు లెక్కేసేటప్పుడు ఏడాదికేడాది రేటు కొంచెం పెంచుకుంటూ పోండి. హాస్టలు, వీసా, హెల్త్ ఇన్సూరెన్సు, ఎండాకాలం ఇంటికొచ్చే టికెట్టు కలపండి.

తాకట్టు దగ్గర మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడతారు. ఇందుకూరుపేటలో పదెకరాల రొయ్యల గుంటలుంటాయి, బుచ్చిలో మాగాణి ఉంటుంది, అయినా బ్యాంకు తల అడ్డంగా ఊపుతుంది. అప్పు తీరకపోతే కోర్టుకెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చేది సర్ఫేసీ చట్టం. అది వ్యవసాయ భూమికి వర్తించదు గనక బ్యాంకులు దాన్ని తాకట్టుగా తీసుకోవడానికి ఇష్టపడవు. వేదాయపాళెంలో అప్రూవ్డ్ లేఅవుట్‌లో ఉన్న చిన్న ఇంటికి ఉన్న విలువ ఆ పదెకరాలకు ఉండదు. ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎల్ఐసీ పాలసీ కూడా పనికొస్తాయి. ఇంకోటి, బ్యాంకుల దగ్గర ఉండే 'మంచి యూనివర్సిటీల' జాబితాలో తల్లి క్యాంపస్ ఉన్నంత మాత్రాన బ్రాంచ్‌కు అదే వడ్డీ రాదు. మేనేజర్ చేత ముందే ఆ మాట రాయించుకోండి. 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు లోను సొమ్ముతో పంపే ఫీజు మీద టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, లేదు. సొంత డబ్బయితే ఏడాదిలో 10 లక్షలు దాటిన భాగం మీద పడుతుంది, రిటర్ను వేస్తే సర్దుబాటవుతుంది.

కంతు ఎంతొస్తుందో వేసుకునేటప్పుడు అమెరికా జీతం పెట్టుకోవద్దు. దుబాయ్‌లో కొత్తగా చేరినవాడి జీతమో, బెంగళూరు జీతమో పెట్టి చూడండి. అప్పటికీ తీరుతుందనుకుంటేనే సంతకం. ఎన్‌వైయూ అబుధాబి లాంటి చోట కుటుంబ ఆదాయాన్ని బట్టి పెద్ద సాయమే ఇస్తారు, కానీ సీటు రావడం మహా కష్టం. ఖతర్ ఫౌండేషన్ లోను తీసుకుంటే చదువయ్యాక అక్కడే పనిచేసి తీర్చుకునే వీలుంటుంది.

మన దేశంలో చెల్లుబాటు

గ్రూప్స్ రాయాలన్నా, ఇక్కడ ఎంటెక్‌లో చేరాలన్నా ఇది చూసుకోవాలి. విదేశీ పట్టాల సమానత మీద యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. బ్రాంచ్ క్యాంపస్ అయితే తల్లి దేశం, నడుస్తున్న దేశం, రెండింటి నిబంధనలకూ లోబడి ఉండాలి. ఫ్రాంచైజీ పట్టాలు చెల్లవు.

ఇప్పుడు బ్రాంచ్‌లు మన దేశానికీ వస్తున్నాయి. 2023 నిబంధనల తర్వాత ముంబయిలో క్యాంపస్‌కు 2025లో అనుమతి పొందిన మొదటి అమెరికా యూనివర్సిటీ ఇలినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. పొడి అక్షరాలు కలిపితే ఏమవుతుందో చూశారుగా. "ముంబయి ఐఐటీలో మేనేజ్‌మెంట్ సీటు" అని ఎవరైనా చెవిలో ఊదితే, పవాయ్‌లో ఉన్నది వేరు, ఇది వేరు అని గుర్తుపెట్టుకోండి.

పేర్లు, ముద్రలు

మన టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, వాళ్ల ఫారంలో చివర. పాస్‌పోర్టులో ఎట్లా ఉంటే అప్లికేషన్‌లో అక్షరం పొల్లుపోకుండా అట్లాగే నింపండి. దిగబెట్టడానికి వెళ్లే అమ్మానాన్నల పాస్‌పోర్టులు కూడా చూసుకోండి. ఇంటిపేరు గడి ఖాళీగా, ఉత్త 'రమణమ్మ' అని ఒకే పేరుంటే, 2022 నవంబరు నుంచి యూఏఈ విజిట్ వీసాతో చిక్కే.

జపాన్, కొరియాలకైతే సర్టిఫికెట్ల మీద మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ అనే ముద్ర సరిపోతుంది, ఎంబసీకి పోనక్కర్లేదు. యూఏఈ, ఖతర్‌లకు రాష్ట్రస్థాయి ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఆ దేశపు ఎంబసీ ముద్ర. టెన్త్ సర్టిఫికెట్‌తో ఈ పని ఇంటర్ రెండో ఏడాది దసరా సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు. ఒరిజినల్స్ కాలేజీ బీరువాలో ఉంటే ముందు వాటిని బయటికి తెచ్చుకోండి. ఫీజు బాకీ ఉందని ఆపినా, ఇప్పుడైతే తేల్చుకోవడానికి టైముంటుంది. ఏప్రిల్‌లో ఫలితాలొచ్చాక ఉండదు.